కొడుకు కారుకి పలాస నుంచి డాలర్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటి సంగతి విదేశాల్లో ఉన్నవాళ్ళ కార్ల గురించే. వాటిలో పలాస నుంచి వచ్చిన ఉత్తరం చదివి రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే దానికి వివరంగా రాస్తున్నాను. మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. ఎనిమిదెకరాల జీడితోట, కొంత కొబ్బరి. మా అబ్బాయి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న ఆగస్టులో ఫీజుకి నా ఖాతా నుంచి 8 లక్షలు పంపాను. కారు లేకపోతే సరుకులకి కూడా ఎవరినో బతిమాలుకోవాల్సి వస్తోందని వాడి బాధ. 2015 మోడల్ టొయోటా కరోలా ఒకటి 9,500 డాలర్లకి వస్తోందట. అమ్మే అతను ముందుగా వెయ్యి డాలర్లు ఫోన్‌లో పంపమంటున్నాడట. రోడ్డు వారగా ఉన్న అరెకరం అమ్మిన డబ్బు నా దగ్గర ఉంది. మా వీధిలో ఒకాయన కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. "మీరు ఇక్కడ నాకు రూపాయలు క్యాష్ ఇచ్చేయండి, మావాడు అక్కడ మీవాడికి డాలర్లు ఇచ్చేస్తాడు, పన్నూ ఉండదు, బ్యాంకు చార్జీలూ ఉండవు" అంటున్నారు. ఇంకో తెలిసినతను, ఫీజు అని రాసి బ్యాంకులోనే పంపేయ్, పన్ను తగ్గుతుంది అన్నాడు. ఏటి చెయ్యమంటారు? అబ్బాయి రోజూ ఫోన్ చేస్తున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ వీధిలో ఆయనకి ఈ రోజే వద్దని చెప్పేయండి. ఆయన మీకు మేలు చేద్దామనే అని ఉండొచ్చు. మన పలాస, కవిటి వైపు ఉద్దానంలో ఇంటికొకరు బయట దేశంలో ఉన్న ఊళ్ళున్నాయి. అక్కడ ఇలా సర్దుకోవడం చేబదులు ఇచ్చుకున్నంత మామూలైపోయింది. కానీ చట్టం దీన్ని చేబదులు అనదు, హవాలా అంటుంది. రూపాయి ఇక్కడే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంది, డాలరు అక్కడే చేతులు మారుతుంది, మధ్యలో బ్యాంకు అన్నదే ఉండదు. 1999 నాటి ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం కింద ఇది కుదరదు. పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. అది కాక, ఒకరి దగ్గర నుంచి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకున్నవారికి ఆదాయపన్ను చట్టం ప్రకారం తీసుకున్నంతా జరిమానాగా పడుతుంది. అంటే ఆయన మీకు సాయం చేయబోయి తన మెడకే తగిలించుకుంటున్నారు. ఆ మాట కూడా ఆయనకి చెప్పండి.

నాకు ఎక్కువ భయం మీ అబ్బాయి గురించి. విశాఖలో బ్యాంకు ఫారిన్ ఎక్స్చేంజి డెస్కులో తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. ఒకరోజు సోంపేట వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ చేతిలో పసుపు రంగు చేతిసంచి, అందులో కొడుకు బ్యాంకు పంపిన ఈమెయిల్ ప్రింటు. తెలిసినవాళ్ళ ద్వారా ఇలాగే సర్దుబాటు చేసుకున్నారట. కొడుకు ఖాతాలో పడిన డాలర్లు ఎవరినో మోసం చేసి తెచ్చినవని తేలి, అక్కడి బ్యాంకు ఖాతా ఆపేసింది. పిల్లాడికి ఆ నెల అద్దె కట్టడానికి కూడా డబ్బు లేదు. "మేం ఎవరికీ అన్యాయం చెయ్యలేదు మేడం" అని ఆవిడ నాలుగైదుసార్లు అన్నది. నిజమే, చెయ్యలేదు. కానీ ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించడానికి వాళ్ళ దగ్గర ఒక్క కాగితం లేదు. నగదు రూపంలో వచ్చినా అంతే. 10 వేల డాలర్లు మించి నగదు జమ అయితే అమెరికా బ్యాంకులు ప్రభుత్వానికి రిపోర్టు చేస్తాయి. అది తప్పించుకోవడానికి ముక్కలు చేసి వేస్తే అదే అక్కడ వేరే నేరం. వీసా మీద ఉన్న పిల్లాడిని మనమే ఆ సందులోకి నెట్టడం ఎందుకు?

ఫీజు అని రాయమన్న సలహా కూడా పక్కన పెట్టండి. బ్యాంకులో ఏ2 ఫారం మీద మీరు సంతకం చేస్తారు, డబ్బు దేనికి పంపుతున్నారో అందులో కోడ్ ఉంటుంది. కారు డబ్బుకి ఫీజు కోడ్ వేస్తే ఆ అబద్ధం మీ సంతకంతో, మీ పాన్ నంబరుతో ఉండిపోతుంది. కొడుక్కి ఒక్కసారిగా ఇస్తున్న డబ్బు కాబట్టి బహుమతి కింద పంపండి. ఆ కోడ్ ఎస్1302. మనదేశంలో ఉండే ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చని రిజర్వు బ్యాంకే అనుమతి ఇచ్చింది. మీరు పంపేది అందులో ఏ మూలకి? తండ్రి కొడుక్కి ఇచ్చేదాని మీద ఇక్కడ గిఫ్ట్ పన్ను లేదు, అక్కడ కూడా అది వాడి ఆదాయం కింద లెక్కకి రాదు.

ఇక మీరు భయపడుతున్న పన్ను సంగతి. దాని పేరు టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను. ఏప్రిల్ 2025 నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో అన్నిటికీ కలిపి 10 లక్షల దాకా పంపితే అది పడదు. ఆ పైన పంపిన దాని మీదే పడుతుంది. బహుమతికైతే 20 శాతం, సొంత డబ్బుతో ఫీజు కడితే అంతకంటే చాలా తక్కువ. లెక్క సులువుగా ఉండడానికి డాలరు 90 రూపాయలు అనుకుందాం. కారుకి, దాని మీద ఖర్చులకి 10,500 డాలర్లు అవుతాయి (ఎలాగో కింద చెబుతాను), అంటే 9 లక్షల 45 వేలు. మీరు ఆగస్టులో పంపిన 8 లక్షలు ఇదే ఆర్థిక సంవత్సరంలోనివి. రెండూ కలిపితే 17 లక్షల 45 వేలు. 10 లక్షల పైన ఉన్న 7 లక్షల 45 వేల మీద 20 శాతం, లక్షా 49 వేలు. ఈ నెల పంపితే అంత డబ్బు అదనంగా మీ ఖాతాలో ఉండాలి. లక్షా 49 వేలంటే ఎన్ని బస్తాల జీడిపిక్కలో నేను మీకు చెప్పక్కర్లేదు.

అదే ఏప్రిల్ 1 దాటాక పంపితే కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త 10 లక్షలు. కారు డబ్బు 9 లక్షల 45 వేలు మొత్తం అందులో సరిపోతుంది, రూపాయి పన్ను పడదు. ఆ తర్వాత ఆగస్టులో ఫీజు పంపినప్పుడు 10 లక్షలు దాటిన భాగం మీద చదువుకి ఉన్న తక్కువ శాతమే పడుతుంది. అంటే ముందు కారు, తర్వాత ఫీజు. ఈ వరస తారుమారైతే పన్ను ఎక్కువ పడుతుంది. మీ అబ్బాయి ఫిబ్రవరి, మార్చి ఎవరి కారులోనో సర్దుకుంటే చాలు. ఆర్లింగ్టన్‌లో మన ఆర్టీసీలాగా రూటు బస్సులు లేవని తెలుసు, పిల్లాడి ఇబ్బంది నిజమే. అయినా నెలన్నర మాటే కదా. మీ ఆవిడ పేరున పాన్ ఉండి, ఆవిడ ఖాతాలో ఆవిడ సొంత డబ్బు ఉంటే, ఆవిడకి కూడా విడిగా 10 లక్షల లెక్క ఉంటుంది. నిజంగా ఆవిడ డబ్బే అయితేనే ఆ దారి.

పొరపాటున టీసీఎస్ పడినా అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద ఆదాయపన్ను శాఖ లెక్కలో కనపడుతుంది, రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. వ్యవసాయ ఆదాయమే కదా, నాకు రిటర్ను ఎందుకు అని మన రైతులు వేయరు. వేయకపోతే ఆ డబ్బు రాదు. మన దగ్గర ఎంతమంది ఇలా వదిలేసుకున్నారో చూసి నాకు నిజంగా బాధేసేది.

బ్యాంకుకి వెళ్ళేటప్పుడు పాన్, ఆధార్, పొలం అమ్మిన రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్సు పట్టుకెళ్ళండి. డబ్బు ఎక్కడిదని అడుగుతారు, కోపం తెచ్చుకోకండి. బోర్డు మీద ఉన్న రేటుకి వెంటనే ఒప్పుకోకండి. "ఇంకొంచెం మంచి రేటు ఇప్పించండి" అని మేనేజరుని అడగండి. డాలరుకి అర్ధ రూపాయి తగ్గించినా మీకు 5,250 రూపాయలు మిగులుతాయి. అడిగిన వాళ్ళకి ఇస్తారు, అడగని వాళ్ళకి ఎవరూ పిలిచి ఇవ్వరు. దారిలో మధ్య బ్యాంకులు పదిహేను ఇరవై డాలర్లు కోసుకోకుండా, చార్జీలన్నీ పంపేవారివే అని ఫారంలో టిక్కు పెట్టించండి. శుక్రవారం సాయంత్రం పంపొద్దు, సోమవారం దాకా డబ్బు ఎక్కడుందో తెలియక ఇంట్లో అందరికీ కంగారు.

పేరు దగ్గర మాత్రం నా మాట వినండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ ఒక్క అక్షరం, పక్కన చుక్క. అమెరికా బ్యాంకులో పాస్‌పోర్టు చూసి ఖాతా తెరుస్తారు, పేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా చివర. నా దగ్గరికి వచ్చిన ఒక టీచరు గారు కూతురి పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టు రాసిచ్చారు. నేనూ చూసుకోలేదు. డబ్బు పదకొండు రోజులు తిరిగి, చార్జీలు కోసుకుని, వేరే రేటుకి మళ్ళీ ఆయన ఖాతాకే వచ్చింది. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది, ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకని మీ అబ్బాయిని వాడి బ్యాంకు స్టేట్‌మెంట్ ఫొటో తీసి పంపమనండి. దాంట్లో ఉన్న స్పెల్లింగు చూసి ఒక్కో అక్షరం విడివిడిగా మీరే రాయండి. అక్కడి బ్యాంకుని గుర్తించే రౌటింగ్ నంబరు తొమ్మిది అంకెలు ఉంటుంది. అక్కడ కొన్ని బ్యాంకులకి జీతాలు పడే రౌటింగ్ నంబరు వేరు, ఇలా బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే వైర్ ట్రాన్స్‌ఫర్‌కి వేరు. వైర్ నంబరే కావాలని అబ్బాయి వాళ్ళ బ్యాంకుని అడిగి చెప్పాలి.

డబ్బు మీ అబ్బాయి ఖాతాకే వెళ్ళాలి. అమ్మే అతనికి గానీ, డీలరుకి గానీ పలాస నుంచి నేరుగా పంపొద్దు. బేరం చెడితే ఆ డబ్బు వెనక్కి రప్పించుకోవడం మీ వల్ల కాదు. ఫోన్‌లో ముందుగా వెయ్యి డాలర్లు పంపమంటున్నాడన్నారు కదా, ఆ ఒక్క మాటతోనే ఆ కారు వదిలేయమంటాను. యాప్‌లో అలా పంపిన డబ్బు ఒకసారి వెళ్తే వెళ్ళినట్టే. నిజంగా అమ్మే మనిషికి కారు చూపించడానికి ముందు డబ్బెందుకు? కారు చూసి, మెకానిక్‌కి చూపించి, నచ్చితే మీ అబ్బాయి తన బ్యాంకు శాఖకే అతన్ని రమ్మని, అక్కడే క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే తన పేరు మీద రాసిచ్చే చెక్కు) రాయించి చేతికిస్తే సరిపోతుంది.

కారు చూడడం గురించి నా మేనల్లుడి సంగతి చెప్పాలి. వాడు హ్యూస్టన్‌లో ఉండేవాడు. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి ఆ ఊరు మునిగింది. 2018 జనవరిలో వాడు 8,000 డాలర్లకి మెరిసిపోయే కారు కొన్నాడు. మాకు వీడియో కాల్‌లో చూపిస్తే అందరం మురిసిపోయాం, మా అక్క అరసవల్లి వెళ్ళి పూజ కూడా చేయించింది. ఎండలు ముదిరాక ఏసీ వేస్తే లోపల ఏదో కుళ్ళిన వాసన. ఒక్కోసారి అద్దాలు దిగేవి కావు, డ్యాష్‌బోర్డు మీద లైట్లు వాటంతట అవే వెలిగేవి. మెకానిక్ సీటు కింద బోల్టులు చూపించాడు, తుప్పు పట్టి ఉన్నాయి. ఆ తర్వాత సీటు బెల్టు చివరిదాకా లాగాడు. మామూలుగా మనం లాగనంత దూరం, లోపల చుట్టుకుని ఉండే భాగం. దాని మీద అడ్డంగా బురద గీత. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అక్కడ గీసినట్టు ఉంది. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ వచ్చి వెళ్ళాక పలాసలో, మందసలో తడిసిన పరుపులు ఎండబెట్టినవాళ్ళకి ఆ వాసన వర్ణించక్కర్లేదు. వాడు వాసన చూసే నాటికి ఆలస్యమైపోయింది. సగం ధర కూడా రాలేదు.

అందుకని మీ అబ్బాయి అద్దాలన్నీ ఎక్కించి పది నిమిషాలు కారులో కూర్చోవాలి. బెల్టులన్నీ చివరిదాకా లాగాలి. కార్పెట్ ఎత్తి చూడాలి. కారుకి 17 అక్షరాలు, అంకెల విన్ నంబరు ఉంటుంది. ముందు అద్దం కింద ఒకచోట, డ్రైవరు తలుపు పక్కన ఒకచోట. ఆ రెండూ, టైటిల్ కాగితం (కారు ఎవరిదో చెప్పే హక్కు పత్రం) మీద ఉన్నదీ ఒకటేనా అని పోల్చాలి. ఆ నంబరుతో అక్కడి బీమా నేరాల సంస్థ ఎన్‌ఐసీబీ సైటులో ఉచితంగా చూస్తే దొంగ కారా, బీమా కంపెనీ పాడైనట్టు రాసేసిన కారా అన్నది చాలావరకు తెలుస్తుంది. నలభై యాభై డాలర్లు పెట్టి పూర్తి చరిత్ర కూడా తీయించమనండి. టైటిల్ మీద సాల్వేజ్ (బాగా పాడైన కారు) అనో, రీబిల్ట్ (పాడయ్యాక మళ్ళీ బాగుచేసిన కారు) అనో ఉంటే ఎంత చవకైనా వద్దు. టైటిల్ మీద ఏ బ్యాంకు అప్పైనా ఉంటే అది తీరాకే డబ్బు ఇవ్వాలి.

10,500 లెక్క ఎలాగంటే, టెక్సాస్‌లో కారు మీద 6.25 శాతం అమ్మకపు పన్ను, 9,500కి 594 డాలర్లు. పైన టైటిల్, రిజిస్ట్రేషన్ ఫీజులు, మెకానిక్ ఫీజు, బీమా మొదటి వాయిదా. అక్కడ డ్రైవింగ్ చరిత్ర లేని పిల్లలకి బీమా చాలా ఎక్కువ పడుతుంది, కారు ఖరారు చేయకముందే ఆ ధర కనుక్కోవాలి. అమ్మినతనూ మీ అబ్బాయీ ఇద్దరూ కలిసి కౌంటీ (అక్కడి జిల్లా) పన్నుల ఆఫీసుకి వెళ్ళి, పేరు మార్పుకి 130-యూ ఫారం ఇవ్వడం మంచిది. 30 రోజుల్లో పేరు మారాలి. పన్ను తగ్గడానికి ధర తక్కువ రాద్దాం అని అమ్మేవాడు అంటే ఒప్పుకోవద్దని చెప్పండి. అక్కడ కారుకి ప్రభుత్వం లెక్కగట్టిన విలువ ఉంటుంది, దానిలో 80 శాతం కంటే తక్కువ రాసినా పన్ను ఆ 80 శాతం మీదే కట్టాలి.

ఇంకేదైనా కాగితం దగ్గర అనుమానం వస్తే మళ్ళీ రాయండి. శ్రీకాకుళం వచ్చినప్పుడు ఏడురోడ్ల కూడలి నుంచి నడిచొచ్చే దూరమే మా ఇల్లు, పత్రిక వాళ్ళని అడిగితే చిరునామా ఇస్తారు.

ప్రశ్న: మేడం గారూ, మాది విజయనగరం. మా అబ్బాయి ఆరేళ్ళుగా ఆస్ట్రేలియాలో ఉద్యోగం. వాడి పేరున ఇక్కడ ఉన్న ఇంటి అద్దె వాడి పాత సేవింగ్స్ ఖాతాలోనే పడుతోంది. నేనే ఏటీఎం కార్డుతో వాడుతుంటాను. అందులో 7 లక్షలు దాకా ఉంది. వాడు కారు మారుస్తున్నాడు, ఆ డబ్బు పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు, కానీ ముందు ఖాతా సరిచేయాలి. విదేశంలో ఉద్యోగంలో చేరిన మనిషికి ఇక్కడ మామూలు సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశంలో ఉండేవాళ్ళకి ఇక్కడి ఆదాయం పడే ఖాతా) మార్చాలి. ఆరేళ్ళు మార్చలేదని భయపడొద్దు. అబ్బాయి పాస్‌పోర్టు, వీసా కాపీలతో బ్యాంకుకి రాస్తే మారుస్తారు. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకెళ్ళొచ్చు. అద్దె మీద ఇక్కడ కట్టాల్సిన పన్ను కట్టినట్టు చూపించాలి. చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, ఆన్‌లైన్ డిక్లరేషన్ అడుగుతారు. పై ఉత్తరంలో చెప్పిన టీసీఎస్ దీనికి వర్తించదు, అది ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళు పంపేదానికే. అబ్బాయి కార్డు మీరు వాడడం మాత్రం మానేయండి. మీ పేరున ఆపరేట్ చేసే అధికారం బ్యాంకులో రాయించుకోండి.

ప్రశ్న: నమస్తే. మాది కవిటి. దుబాయ్‌లో పన్నెండేళ్ళుగా వెల్డింగ్ ఫోర్‌మన్‌ని. ఈ ఏడాది పూర్తిగా ఇంటికి వచ్చేస్తున్నాను. రెండేళ్ళ కిందట ఇష్టపడి కొన్న కారు ఉంది. ఓడలో ఊరికి తెచ్చుకోవాలని ఆశ. ఎంత ఖర్చవుతుంది?

జవాబు: మీ ఆశ అర్థమైంది, కానీ ఆ కారు తేలేరు. దుబాయ్ కారుకి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. వాడిన కారు మనదేశంలోకి రావాలంటే స్టీరింగ్ కుడివైపే ఉండాలి, తయారై మూడేళ్ళు దాటకూడదు, ముంబయి రేవులోనే దిగాలి. ఒకవేళ కుడివైపు స్టీరింగే ఉన్నా, కస్టమ్స్ సుంకం కారు ధర కంటే ఎక్కువే అవుతుంది. అక్కడే అమ్మేసి ఆ డబ్బుని బ్యాంకు ద్వారా మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతాకి (విదేశంలో సంపాదించిన డబ్బు ఇక్కడ దాచుకునే ఖాతా) పంపుకోండి. అమ్మే ముందు కారు మీద బ్యాంకు అప్పు, ట్రాఫిక్ జరిమానాలు తీర్చేయాలి, లేకపోతే పేరు మారదు. వచ్చేయడానికి రెండు నెలల ముందే అమ్మకానికి పెట్టండి. టికెట్టు తీసుకుని ఆఖరి వారంలో అమ్మేవాడిని చూస్తే కొనేవాళ్ళు సగం ధరకి అడుగుతారు.